సత్యభామ ఎప్పుడు సాధన చేసింది?

పోతన భాగవతం దశమ స్కంధంలోని నరకాసుర వధ ఘట్టం ఏదో ఒక తరగతిలో చదవని తెలుగు విద్యార్థి అరుదు. బడిలో చదవకపోయినా దీపావళినాడు ఎవరి నోటో విననే వింటాడు. ఆ ఘట్టం మీద మన విమర్శకులు రాసిన రాత కూడా తక్కువేమీ కాదు. శత్రువువైపు ఒక చూపు, భర్తవైపు మరొక చూపు. ఒక కంట రౌద్రం, ఒక కంట శృంగారం. ఈ రెండింటినీ ఒక్క పద్యంలో ఇమిడ్చిన నేర్పులో నాచన సోమన గొప్పవాడా, పోతన గొప్పవాడా అని వాదించుకున్న పండితులున్నారు. ఉత్తర హరివంశం ముందుది, భాగవతం తరువాతిది కనుక ఎవరు ఎవరిని అనుసరించారన్న మాట కూడా వచ్చింది. ఆ చర్చ అక్కర్లేనిదని నేననను. కాని ఆ సందడిలో మరొక సంగతి మరుగున పడిపోయింది. సత్యభామ విల్లందుకోగానే పోతన వరసగా కొన్ని ప్రశ్నలు వేస్తాడు. వాటిని మనం అలంకారంగా చదివి తల ఊపామే గాని, ప్రశ్నలుగా చదవలేదు.

ఆ ప్రశ్నల సారాంశం ఇది. వీణను సరిగా పట్టుకోవడం చేతగాని పిల్లకు విల్లు పట్టడం ఎలా వచ్చింది? చిలకకు పలుకు నేర్పలేనిదానికి అస్త్రమంత్రాలు ఎన్నడు అలవడ్డాయి? బొమ్మల పెళ్లికి పోవడానికే ఇష్టపడని పిల్ల రణరంగానికి రావాలని ఎలా అనుకున్నది? ఉయ్యాల ఎక్కడానికి జంకేది గరుత్మంతుడి మూపు ఎలా ఎక్కింది? నెమలికి నాట్యం నేర్పుతూనే అలసిపోయేది ఆలీఢ పాదంతో యుద్ధభూమిలో ఎలా నిలబడింది?

ఈ ప్రశ్నలన్నీ ఒకే అచ్చులో పోసినవి. ప్రతి ప్రశ్నకూ రెండు సగాలు. మొదటి సగంలో ఆడపిల్ల ఆటలు, రెండవ సగంలో యోధుడి పనులు. మొదటి సగంలో వున్న వస్తువుల్ని చూడండి: వీణ, చిలక, బొమ్మ, ఉయ్యాల, నెమలి. అన్నీ ఇంటి లోపలివి, పెరటిలోవి. పైగా ఆ పిల్లకు వాటిల్లో కూడా ప్రావీణ్యం లేదు. వాటికే అలసిపోతుంది, వాటికే భయపడుతుంది. ఆ అలసటే అందం, ఆ భయమే సౌకుమార్యం. మొదటి సగాన్ని పాఠకుడు సహజమని ఒప్పుకుంటేనే రెండవ సగం అతడికి ఆశ్చర్యం కలిగిస్తుంది. అంటే ఈ పద్యాల శక్తి అంతా ఆడపిల్ల శరీరానికి ఏమీ చేతకాదన్న నమ్మకం మీద నిలబడివుంది. పోతన ఆ నమ్మకాన్ని సృష్టించలేదు, తన కాలం నుంచి తీసుకున్నాడు. దాని మీద ఒక మహత్తరమైన ఆశ్చర్యాన్ని కట్టాడు. అతని తప్పేమీ లేదు. అయిదువందల ఏళ్లు గడిచిన తరువాత కూడా ఆ ఆశ్చర్యం మనకు అదే పాళ్లలో కలుగుతూవుంటే మాత్రం, తప్పు మనది.

ఈ ప్రశ్నల్లో ఒకటి తక్కినవాటికంటే భిన్నమైనది. "ఎన్నడు నేర్చింది" అన్నది. అది సాధనకు సంబంధించిన ప్రశ్న. ఎవరు నేర్పారు, ఎక్కడ నేర్పారు, రోజుకు ఎంతసేపు నేర్పారు? కావ్యంలో దీనికి జవాబు లేదు, ఉండనక్కరలేదు కూడా. అవతారపురుషుడి భార్యకు, భూదేవి అంశకు, సాధన ఎందుకు? మన బడిపిల్లలకు ఆ వసతి లేదు. వాళ్లు ఎవరి అంశా కారు.

ఈ ఘట్టం పాఠం చెప్పేటప్పుడు ఒక ఏడాది తరగతిలో "ఆలీఢ పాదం అంటే ఏమిటి మేడమ్?" అని ఒక విద్యార్థిని అడిగింది. ఒక కాలు ముందుకు వంచి, రెండో కాలు వెనక్కి చాచి, నడుము నిలబెట్టి నిలుచునే భంగిమ అని చెప్పి, ఎవరైనా నిలబడి చూపించమన్నాను. వెనక బెంచీలోంచి ఇద్దరు కుర్రాళ్లు ఠక్కున లేచి చూపించారు. ఆడపిల్లల వైపు నవ్వులు. చున్నీలు సర్దుకున్నారు. లేచినవాళ్లు కూడా రెండు పాదాలూ దగ్గర పెట్టుకునే నిలుచున్నారు. చివరికి ఒక్క అమ్మాయి వచ్చి చూపించింది. ఆమె గురుకుల పాఠశాలలో ఖోఖో ఆడిన పిల్ల. మిగతావాళ్లను అడిగితే, ఏడో తరగతి తరువాత బస్సు కోసం తప్ప పరుగెత్తిన జ్ఞాపకం లేదన్నారు. వాళ్లెవరూ అబలలు కారు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల ఆరోగ్యవంతులైన పిల్లలు. పదేళ్లపాటు వారానికి కొన్ని గంటల చొప్పున వాళ్లకు కాళ్లు దగ్గర పెట్టుకోవడం నేర్పించారు. దానికి ప్రత్యేకించి ఉపాధ్యాయుడు అవసరం లేకపోయింది.

ఇక మన పత్రికలు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం పొందిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమె. ఆ పూట మన సంపాదకీయాలు, అభినందన కవితలు అన్నీ పోతన అచ్చులోనే పోసుకున్నాయి: గాజుల చేయి ఇంత బరువు ఎలా ఎత్తింది? ఆ తరువాత పి.వి. సింధు 2016లో రియోలో రజతం గెలిచినా, నిజామాబాద్ నుంచి వెళ్లిన నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయినా, అదే ఆశ్చర్యం, అవే ఉపమానాలు. ఆశ్చర్యపడేవాడు సాధన సంగతి అడగడు. అడిగితే ఆశ్చర్యం పోతుంది. మల్లీశ్వరి 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత. సిడ్నీకి ముందే ఏళ్ల తరబడి ఆ ఇనుము మోసింది. వీరనారి, శక్తిస్వరూపిణి వంటి మాటలు ఆమెను పొగిడినట్టే పొగిడి ఆ ఏళ్లను చెరిపివేస్తాయి. దానితోపాటు, ఆమెకు దొరికిన ఆ కాస్త అవకాశం తక్కిన పిల్లలకు ఎందుకు దొరకలేదన్న ప్రశ్నను కూడా.

మన ఆధునిక సాహిత్యంలో ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నవాడు చలం. "స్త్రీ" పుస్తకం ఎత్తుకుంటూనే అతను మూడు విషయాలు చెప్పాడు. స్త్రీకి శరీరం వుంది, మెదడు వుంది, హృదయం వుంది. మూడింటికీ ఇవ్వవలసినవి వున్నాయి. ఈ మాటలు ఎంత ప్రసిద్ధమంటే, చలాన్ని ఒక్క పేజీ చదవనివాళ్లు కూడా చెప్పగలరు. కాని మొదట చెప్పినది శరీరం గురించి. ఆ శరీరానికి అతను ఇవ్వమన్నది ప్రేమా కాదు, సుఖమా కాదు, వ్యాయామం! ఈ వరస యాదృచ్ఛికమని నేననుకోను. చలం బడుల ఇన్స్‌పెక్టరుగా పనిచేసినవాడు, ఊరూరా బడులు చూసినవాడు, "బిడ్డల శిక్షణ" రాసినవాడు. ఆడపిల్లల తరగతి గది ఎలా వుంటుందో, ఆ గది బయట వాళ్లకు ఎంత చోటు వుంటుందో అతను కళ్లారా చూశాడు.

ఆ మూడింటిలో మనమేం తీసుకున్నాం? మెదడుకు జ్ఞానం అన్నది సంస్కర్తలు ముందే ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లు కూడా క్రమంగా దారికి వచ్చారు. హృదయానికి అనుభవం అన్నదాని మీద తెలుగు దేశం రెండుగా చీలి తరాలపాటు పోట్లాడుకున్నది. మొదటిది మాత్రం పోట్లాటకు కూడా నోచుకోలేదు. చలాన్ని తిట్టినవాళ్లు దాన్ని వదిలేశారు, పొగిడినవాళ్లూ వదిలేశారు. వ్యాయామం అన్న మాట మరీ సామాన్యంగా, డ్రిల్లు మాస్టారి మాటలాగా వినిపించింది గాబోలు.

1927 నాటి "మైదానం" విషయంలోనూ జరిగింది ఇదే. ఆ నవల మీద దాదాపు వందేళ్లుగా సాగుతున్న రభస అంతా రాజేశ్వరి భర్తను వదలడం నీతా కాదా, అది ప్రేమా కామమా అన్నదే. పుస్తకానికి "మైదానం" అని ఎందుకు పేరు పెట్టాడు? రాజేశ్వరి ఒక మగవాడి ఇంటిలోంచి మరొక మగవాడి ఇంటికి పోలేదు. గోడలు లేని చోటుకు పోయింది. ఎండ, నీరు, ఇసుక, కాళ్ల కింద నేల — ఆమె మొదట గెలుచుకున్నవి అవి. అయితే చలంలోని లోపం కూడా ఇక్కడే వుంది. ఆ మైదానంలో సైతం రాజేశ్వరి తన కోసం తాను పరుగెత్తదు. అమీరు చూస్తూ వుండాలి. ఆడదాని శరీరానికి మొదట వ్యాయామం కావాలన్న మనిషి, కథ దగ్గరికి వచ్చేసరికి ఆ శరీరాన్ని మళ్లీ మగవాడి కంటి ముందుకే తెచ్చాడు. "స్త్రీ" రాసిన చలం "మైదానం" రాసిన చలం కంటే ఈ ఒక్క విషయంలో ముందున్నాడు.

చలానికి ముందటి సంస్కర్తల్ని చూస్తే వదిలివేతకు కారణం కొంత తెలుస్తుంది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టాడు. 1883 నుంచి "సతీహితబోధిని" నడిపాడు. స్త్రీల కోసం "దేహారోగ్య ధర్మబోధిని" అని ఆరోగ్య విషయాల మీద పుస్తకమే రాశాడు. ఆ కాలానికి అది సాహసమే. కాని పత్రిక పేరులోనే వున్నది "సతి". ఆమె దేహం ఆరోగ్యంగా వుండవలసింది ముఖ్యంగా భర్త కోసం, పుట్టబోయే బిడ్డల కోసం. పరుగెత్తితే కలిగే సంతోషం ఆ లెక్కలోకి రాదు. గురజాడ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. 1910 నాటి దేశభక్తి గేయంలో తిండికీ కండకూ మనిషితనానికీ అతను వేసిన ముడిని మించిన భౌతికవాద సూత్రం తెలుగు కవిత్వంలో అంతకుముందు లేదు. కాని ఆ కండ కలిగిన మనిషిని చెప్పేచోట అతను వాడిన పదం పుంలింగం. వ్యాకరణం కోసం అలా వాడాడని సమాధానం చెప్పవచ్చు. నిజమే, మన వ్యాకరణం సంగతి కూడా వినదగినదే. ఒక్క స్త్రీ అయితే "వచ్చింది" అంటాం, ఆవుకూ బండికీ వాడిన క్రియే వాడతాం. నలుగురు కలిస్తే "వచ్చారు". ఒంటరి ఆడదానికి ఇవ్వని గౌరవం జట్టుకు ఇచ్చింది తెలుగు భాష. మన బడుల్లో ఆడపిల్లలకు దొరకనిది ఆ జట్టే.

సాహిత్యం నుంచి వీధిలోకి వద్దాం. తెలుగు పిల్లల ఆటలకు ఒక భూగోళం వుంది. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, గుజ్జనగూళ్లు, అచ్చనగాయలు, వామనగుంటలు, బొమ్మల పెళ్లిళ్లు, ఇవి ఆడపిల్లలవి. గూటీబిళ్ల, చెడుగుడు, కోతికొమ్మచ్చి, గోలీలు మగపిల్లలవి. మొదటివాటికి కావలసిన చోటు ఒక అరుగు, ఒక వసారా. ఒప్పులకుప్పలో ఎంత వేగంగా తిరిగినా తిరిగినచోటే వుంటాం. తొక్కుడుబిళ్ల ఒంటికాలి ఆట, చాలా కష్టమైనది, ఎముక పుష్టికి మంచిది; కాని దాని హద్దులు కూడా బొగ్గుతో గీసిన నాలుగైదు గళ్లు. గూటీబిళ్లకు వీధి మొత్తం కావాలి. కోతికొమ్మచ్చికి తోట కావాలి. ఆటల్లో నేర్చేది ఆట ఒక్కటే కాదు, లోకంలో నాకు ఎంత చోటు వుంది అన్నది కూడా. దాగుడుమూతలు ఒక్కటే అందరిదీ. పిల్ల పెద్దమనిషి అయిన రోజున అదీ పోతుంది.

మన బాల్య సాహిత్యం ఈ భూగోళాన్నే అచ్చువేసింది. ముళ్లపూడి వెంకటరమణ "బుడుగు" నుంచి నామిని "పచ్చనాకు సాక్షిగా", ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు" దాకా మనల్ని నవ్వించి ఏడిపించిన బాల్యాలు ఎక్కువగా మగపిల్లలవి. వాళ్ల వెనక మనం వీధుల్లో, చేలల్లో, చెరువుల్లో తిరిగాం. సీగానపెసూనాంబ ఎంత ముద్దొచ్చినా పుస్తకం బుడుగుదే. దీనికి ఎదురునిలిచిన పుస్తకం సోమరాజు సుశీల "ఇల్లేరమ్మ కతలు". ఆ శీర్షికలోనే ఒక సామాజిక చరిత్ర వుంది. వీధుల్లో తిరిగే మగపిల్లవాడికి ప్రత్యేకమైన పేరు అక్కర్లేదు, వాడు పిల్లవాడు, అంతే. తిరిగే ఆడపిల్లకు మాత్రం పేరుంది, ఇల్లేరమ్మ. ఆ తిట్టును నెత్తిన పెట్టుకుని ఒక పుస్తకం పొడుగునా తిరిగిన పిల్లను చూస్తే నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. అటువంటివి మరో పది ఎందుకు రాలేదో ఆలోచించాలి.

స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడు శరీరం మళ్లీ రంగం మీదికి వచ్చింది. సావిత్రి "బందిపోట్లు" బడిలోనే మొదలవుతుంది. కొండేపూడి నిర్మల పురుటిగది గురించి రాసింది. జయప్రభ పైట మీద రాసిన కవితకు ఎంత గొడవ జరిగిందో తెలిసిందే. ఓల్గా "రాజకీయ కథలు" జడ దగ్గరినుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అవయవం మీదా సమాజం చేసే పెత్తనాన్ని చూపించాయి. ఈ సాహిత్యం చేసిన మేలు పెద్దది. అయితే అందులోని శరీరం ఎక్కువగా నొప్పిపడే శరీరం, అణచబడే శరీరం, ఆంక్షల్ని తెంపుకునే శరీరం. చెమట పట్టి, ఊపిరి ఎగబీల్చి, గెలిచో ఓడో నవ్వే శరీరం ఆ పేజీల్లోనూ అరుదే. పైటను గురించి అంత చర్చ చేశాం గదా. బడి మైదానంలో ఎనిమిదో తరగతి పిల్ల చున్నీని రెండు భుజాల మీదా పిన్నులతో బిగించుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో బంతి విసరడానికి ప్రయత్నిస్తూవుంటే, ఆ చర్చ అక్కడికి చేరిందా?

ఆ మైదానాన్ని కొంచెం చూద్దాం. మిశ్రమ ఉన్నత పాఠశాల ఏదైనా తీసుకోండి. గేమ్స్ పీరియడ్ గంట కొడతారు. ఆటసామాను గది తాళం తీయగానే వాలీబాలు, క్రికెట్ బ్యాటు మగపిల్లల చేతుల్లో వుంటాయి. దీనికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. ఆడపిల్లలకు ఒక టెన్నికాయిట్ రింగు, ఒక స్కిప్పింగు తాడు. అవి కూడా గోడవారన, నీడలో. కొందరు కూర్చుని హోంవర్కు చేసుకుంటారు. కొందరిని టీచరుగారు రికార్డులు సర్దడానికి పిలుస్తారు. ఊడ్చేపని వుంటే, ఏ పిల్లల్ని పిలుస్తారో, వాళ్లు ఏ పేటనుంచి వచ్చినవాళ్లో అడగనక్కరలేదు. పదో తరగతి వచ్చిందంటే ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకుంటారు. అప్పుడు మాత్రం ఆడా మగా సమానమే. నెలసరి రోజుల్లో నీళ్లున్న మరుగుదొడ్డి లేక ఇంటిదగ్గరే వుండిపోయే పిల్లకు మైదానం సంగతి ఎత్తడమే దండగ. వార్షికోత్సవం నాడు ఆడపిల్లలకు ముగ్గుల పోటీ, నిమ్మకాయ చెంచా పరుగు. ఈ రెండోదాన్ని కనిపెట్టినవాడు గట్టివాడు. పరుగెత్తు, కాని నోట్లోని చెంచా మీద నిమ్మకాయ పడనివ్వకు! ఆడపిల్లకు లోకం జీవితమంతా చెప్పేది ఇదే గదా.

దీన్ని ఎత్తి చూపితే పెద్దలు చెప్పే మాటలు కొన్ని వున్నాయి. ఆడపిల్ల శరీరం వేరు అన్నది అన్నిటికంటే పాతది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలను 800 మీటర్లు పరుగెత్తనిచ్చారు. పరుగు చివర స్త్రీలు సొమ్మసిల్లి పడిపోయారని పత్రికలు గోరంతలు కొండంతలు చేసి రాశాయి. ఆ పరుగును తీసివేశారు, మళ్లీ 1960 దాకా పెట్టలేదు. ముప్పైరెండేళ్లు! మగవాళ్లు పరుగు చివర కూలబడితే అది వీరోచిత శ్రమ అయింది. 2022లో మన విశాఖపట్నం పిల్ల జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకండ్లలోపు పూర్తిచేసిన మొదటి భారతీయ మహిళ అయింది. శరీరం వేరన్న వాదాన్ని ఇంతకంటే సాగదీయనవసరం లేదు. తేడాలు వున్నాయి, వుంటాయి. ఆ తేడాల్లో ఎన్ని పుట్టుకతో వచ్చాయో, ఎన్ని గోడవారన కూర్చోబెట్టడం వల్ల వచ్చాయో, కూర్చోబెట్టడం మానిన తరువాతనే తెలుస్తుంది. ఐరిస్ మారియన్ యంగ్ అనే అమెరికన్ తత్వవేత్త 1980లో ఆడపిల్లలు బంతి విసిరే తీరు మీదనే ఒక వ్యాసం రాసింది. ఆడపిల్ల చేత్తో మాత్రమే విసురుతుంది, నడుమూ కాళ్లూ ఆ విసురులో పాల్గొనవు. తన శరీరాన్ని చూడబడే వస్తువుగా మోస్తూ, తన చుట్టూవున్న చోటు తనది కాదనుకుంటూ పెరిగినందువల్ల ఇది జరుగుతుంది గాని ఎముకల నిర్మాణం వల్ల కాదు అన్నది ఆమె వాదం. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే నా తరగతిలోని ఆలీఢ పాదం వుండనే వుంది.

రెండవది, ఇంటిపనే వ్యాయామం అన్న వాదం. దంచడం, విసరడం, నీళ్లు తోడడం, ఇంతకంటే వ్యాయామం ఏముందని పూర్వం చెప్పేవారు. రోకళ్లూ తిరగళ్లూ పోయినా వాదం పోలేదు. పల్లెల్లో అయితే నిజంగానే ఆడపిల్లలు నాట్లు వేస్తారు, పత్తి ఏరుతారు, బిందెలు మోస్తారు. ఆ శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని శ్రమకూ ఆటకూ తేడా వుంది. నాటు వేసే పిల్ల నడుము రోజంతా ఒకే వంకన వంగివుంటుంది; ఎంతసేపు వంగాలో నిర్ణయించేది ఆమె కాదు. ఆటలో శరీరం తన కదలికకు తానే యజమాని. కూలిపిల్లకు ఆట అక్కర్లేదనడం, కూలివాడికి పుస్తకం అక్కర్లేదనడంవంటిదే.

మూడవ మాట మన వైపునుంచే వస్తుంది, గట్టిది కూడా. ముందు తిండి పెట్టండి, తరువాత ఆటలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత వున్నట్టు తేలింది; అదే వయసు మగపిల్లల్లో 31 మందికి. ఇటువంటి పిల్లను పరుగెత్తమంటారా అని అడుగుతారు. ఆ రెండు అంకెల మధ్య తేడాలో నెలసరి పాత్ర కొంత వుంది, వంటింటి పంపకం పాత్ర కొంత వుంది. చివర మిగిలింది తినేదీ, మైదానంలో చివర మిగిలిన చోట కూర్చునేదీ ఒకే పిల్ల. తిండి ముందా ఆట ముందా అని తగువు పెట్టేవాళ్లు గురజాడ వేసిన ముడిని విప్పుతున్నారు. పరుగెత్తే పిల్లకు ఆకలి వేస్తుంది, ఆకలి వేసిన పిల్ల అడుగుతుంది. గుడ్డు, చిక్కీ, ఐరన్ మాత్ర ఇవ్వవలసిందే, ఆమెకు బంతి కూడా ఇవ్వవలసిందే.

చట్టాల విషయం క్లుప్తంగా చెబుతాను. హంసా మెహతా కమిటీ 1960లలోనే ఆడపిల్లలకూ మగపిల్లలకూ పాఠ్యక్రమంలో తేడా వుండరాదన్న దిశగా చెప్పింది, కొఠారీ కమిషన్ దాన్ని బలపరిచింది. వ్యాయామ విద్యలో పాల్గొనే అవకాశం స్త్రీ పురుషులకు ఒకటిగా వుండాలని 1979 నాటి అంతర్జాతీయ ఒడంబడిక పదవ అధికరణంలో వుంది. భారతదేశం దాన్ని 1993లో ఆమోదించింది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం వుండాలన్నది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమందికి పైగా పిల్లలుంటే వ్యాయామానికి శిక్షకుడు వుండాలన్నది. కాగితం మీద లోటు లేదు. ఆటస్థలం వుండాలన్న చట్టం, అందులో సగం ఎవరిదో మాత్రం చెప్పలేదు.

సమానం అనడంలో నా అభిప్రాయం ఏమిటో చెప్పాలి గదా. ఆడపిల్లలకు కూడా ఒక బంతి కొనివ్వడం సమానత్వం కాదు. వ్యాయామ విద్య అన్నది విద్య. తెలుగు పంతులు పిల్లల్ని గ్రంథాలయంలో వదిలి, చదవడం వచ్చినవాళ్లు చదువుకోండి, రానివాళ్లు కూర్చోండి అంటే దాన్ని పాఠం అంటామా? గేమ్స్ పీరియడ్‌లో జరుగుతున్నది సరిగ్గా అది. ఆట వచ్చినవాళ్లు ఆడుతున్నారు. విసరడం, పట్టడం, దూకడం, పడి లేవడం, ఊపిరి నిలుపుకోవడం, ఇవి నేర్పితే వచ్చే పనులు. ఒత్తులు, గుణింతాలు నేర్పినట్టు వరసక్రమంలో ప్రతి పిల్లకూ ప్రతి పిల్లవాడికీ నేర్పాలి. ఏడో తరగతి దాకా కలిపి నేర్పడానికి అభ్యంతరమేమీ నాకు కనిపించదు. ఆ తరువాత కబడ్డీవంటి ఆటల్లో జట్లు వేరు చేయవచ్చు. మైదానం గంటలు, శిక్షకుడి గంటలు మాత్రం సగం సగం కావాలి. బడి దుస్తులు పరుగుకు అనువుగా వుండాలి. స్త్రీ వ్యాయామోపాధ్యాయుల్ని వెయ్యాలి; వేసిన తరువాత వాళ్లను నృత్యప్రదర్శనల ఏర్పాట్లకు వాడుకోవడం మానాలి.

ఇది సాధ్యమా అనేవాళ్లకు గురుకులాలను చూడమంటాను. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె గిరిజన పిల్ల, కూలీల బిడ్డ. పత్రికలు మళ్లీ "ఎలా ఎక్కింది" అని ఆశ్చర్యపోయాయి. ఎలా ఏముంది? బాలికల గురుకులంలో మైదానం మొత్తం ఆడపిల్లలదే, బంతిని ముందుగా లాక్కునేవాడు లేడు. ఆ పైన ఆమెను ఎంపికచేసి నెలల తరబడి కొండలెక్కడం నేర్పారు. ఎన్నడు నేర్చింది అన్న ప్రశ్నకు అక్కడ తేదీలతో సహా జవాబు వుంది. 2025 నవంబరులో మహిళల క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఆడింది. ఆ రాత్రి కేకలు పెట్టిన వీధుల్లో, మర్నాడు పొద్దున బడి మైదానంలో బ్యాటు ఎవరి చేతిలో వున్నదో చూసినవాళ్లుంటే చెప్పాలి.

పాఠ్యపుస్తకంలో సత్యభామ ఘట్టం చివర అభ్యాసాలు వుంటాయి. ఆమె యుద్ధకౌశలాన్ని వర్ణించమంటారు, అలంకారాలు గుర్తించమంటారు, ప్రతిపదార్థం రాయమంటారు. పిల్లలు రాస్తారు, ఆడపిల్లలు ఎక్కువ మార్కులే తెచ్చుకుంటారు. ఆ పాఠానికి రెండు పీరియడ్లు కేటాయించేచోట మూడోది అడిగి, తెలుగు టీచరూ వ్యాయామోపాధ్యాయుడూ కలిసి దాన్ని ఎండలో తీసుకోవచ్చు. విల్లు అక్కర్లేదు. ఆలీఢ పాదం, ప్రత్యాలీఢ పాదం, నడుము తిప్పడం, భుజం వెనక్కి లాగడం, విసరడం. ఇద్దరికొక టెన్నికాయిట్ రింగు చాలు. నలభై నిమిషాల్లో మొదటి ఇరవై ఆడపిల్లలవి.